కప్పును కొట్టి చూసే గది

నేను మ్యూజియంలలో బొమ్మలు పెడతానని మా నాన్న చాలా ఏళ్లు అందరికీ చెప్పాడు. మేం ఆయనను అబ్బా అని పిలుస్తాం. కరీంనగర్‌లో ఆయనకు మైక్‌సెట్ దుకాణం ఉంది. పెళ్లికో సభకో సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు, మీ బిడ్డ ఏం పని చేస్తదని అడిగితే, ఆయనకు అంతకంటే తేలికైన మాట దొరికేది కాదు. నిజానికి నేను పెట్టేవి బొమ్మలు కావు. మ్యూజియంకు వచ్చినవాళ్లు ఊరికే చూసి పోకుండా తమ చేతులతో ఏదో ఒకటి చేస్తే, దానికి జవాబుగా అక్కడ ఏదో జరగాలి. అలాంటి వస్తువులు తయారుచేయడం నా పని. ఒక చోట మగ్గం పలకను తొక్కితే ఎదురుగా గోడ మీద నేత పెరిగేది. ఆదిలాబాద్‌లో ఒక పార్కులో నేను పెట్టిన బెంచీ మీద ఇద్దరు కూర్చుంటేనే పాట వినిపించేది, ఒక్కరు కూర్చుంటే వినిపించేది కాదు. ఆ బెంచీ సంగతి విని అబ్బా, మరి ఒంటరిగా వచ్చినవాళ్లు ఏం చేయాలని అడిగాడు.

మా ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. పని గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం మేమిద్దరం ఇంట్లో ఉన్నా దుకాణం భాషే మాట్లాడుకుంటాం. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

మందమర్రి వైపు ఒక కాలనీలో మూతపడ్డ పాత క్యాంటీన్ ఉండేది. దాన్ని చిన్న మ్యూజియంగా మార్చాలని అక్కడి రిటైరైన గని కార్మికులు కొందరు కలిసి అనుకున్నారు. మొత్తం మూడు గదులు. మొదటి రెండింటిలో ఇళ్ల నుంచి తెచ్చిన టోపీ దీపాలు, బూట్లు, టిఫిన్ డబ్బాలు, ఫొటోలు పెట్టారు. మూడో గది నాకు అప్పజెప్పారు. వాళ్లు అడిగింది ఒక్కటే. గనిని వాళ్లు బాయి అంటారు. జీవితమంతా తాము దిగిన ఆ బాయి లోపల ఎలా ఉంటుందో తమ ఇంటి ఆడవాళ్లకు, మనవలకు తెలియాలి.

ఇంత చక్కని పని నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాలుగు నెలలు కష్టపడ్డాను. నేనేమో బాయి దిగలేదు, దిగనివ్వరు కూడా. దొరికిన వీడియోలన్నీ చూసి, యంత్రాల మోతలు సేకరించి, కిందికి దిగుతున్నట్టు ఊగే ఒక చెక్క వేదిక చేయించాను. వేలితో ముట్టుకుంటే గని నక్షా తెరుచుకునే పెద్ద తెర పెట్టాను. గది చుట్టూ ఎనిమిది స్పీకర్లు. వాటిని అబ్బా స్వయంగా వచ్చి బిగించాడు. బిడ్డ పనిలో తన పని కూడా కలిసిందని ఆ రెండు రోజులూ ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. డ్రిల్లింగ్ మోత మొదలుపెట్టగానే గోడలు అదిరాయి. అబ్బా నా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు.

ఒక ఆదివారం పొద్దున కాలనీలోని కుటుంబాలను పిలిచి ముందుగా చూపించాం. ఇరవై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. లోపలికి రమ్మంటే వచ్చారు కానీ కొంగు చుట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. తెరను ముట్టుకోండి అని నేను ఎంత చెప్పినా ఒక్కరూ ముట్టుకోలేదు. పగిలితే డబ్బులు ఎవరు కడతారని ఒకామె పక్కామెను మెల్లగా అడగడం నాకు వినిపించింది. మగవాళ్లు వేదిక ఎక్కి, అది ఊగుతుంటే ఒకరి భుజం ఒకరు పట్టుకుని మొహమాటంగా నవ్వారు. డెబ్బై దాటిన ఒక సన్నటి పొడగరి మనిషి మాత్రం రెండు నిమిషాలు నిలబడి, తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను వెనకాలే వెళ్లాను. ఆయన మెట్ల మీద కూర్చుని పల్లికాయలు వలుచుకుంటున్నాడు. నన్ను చూసి గుప్పెడు నా చేతిలో పోశాడు. నచ్చలేదా కాకా అని అడిగాను.

"మంచిగనే జేసినవ్ బిడ్డా," అన్నాడు. ఇంకో కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. "గాని బాయిల గంత సప్పుడైతే మేం బతుకుదుమా? మషీన్లు బందైనంక షురువైతది మా పని. ఇనుడే మా పని."

ఆయన ముప్పై ఏళ్లకు పైగా సపోర్టు పని చేశాడట. అంటే, బొగ్గును మందుగుండుతో పేల్చాక అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, దాని కింద మొద్దులు నిలబెట్టే పని. కప్పు గట్టిగా ఉందో లేదో కంటితో తెలియదు. ఇనుప రాడ్‌తో కొట్టి చూడాలి. గట్టి రాయి ఒక రకంగా పలుకుతుంది, లోపల పొర విడిపోయిన రాయి ఇంకో రకంగా పలుకుతుంది. ఇదంతా ఆయన పల్లికాయలు వలుస్తూనే చెప్పాడు. నా గదిలోని ఎనిమిది స్పీకర్లు లోపల మోగుతూనే ఉన్నాయి. నాకు లేచి వెళ్లి వాటిని ఆపేయాలనిపించింది. నిజంగానే వెళ్లి ఆపేశాను.

ఆ తర్వాతి వారం ఆయన ఇంటికి వెళ్లాను. క్యాంటీన్‌కు రెండు వీధుల అవతల క్వార్టర్. తలుపు తీసింది ఆయన భార్య. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. మీ ఆయన దగ్గర బాయి పని గురించి తెలుసుకోవడానికి వచ్చానంటే ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. ఇన్నేళ్లలో తనతో బాయి గురించి పది మాటలు కూడా మాట్లాడలేదని, నీతో ఏం మాట్లాడతాడో చూద్దామని చెప్పి చాయ్ పెట్టడానికి వెళ్లింది. ఆమెను నేను అవ్వా అని పిలవడం ఆ రోజే మొదలైంది.

ఆయన మాటలతో నేర్పలేదు. ఇంటి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లి చేతికి ఒక కర్ర ఇచ్చాడు. ఎడమ అరచేతిని గోడకు ఆనించి, కుడి చేత్తో దాని పక్కనే కొట్టమన్నాడు. కళ్లు మూసుకొమ్మన్నాడు. గోడకు కొన్ని చోట్ల పూత లోపల లేచి ఉంది, బయటికి కనిపించదు. అక్కడ కొట్టినప్పుడు డొల్లగా పలకాలి. నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

"సెవులు ఒక్కోపారి మోసం జేస్తయి," అన్నాడాయన. "చెయ్యి జెయ్యది. చెయ్యికి ఏమనిపిస్తుందో గది చెప్పు."

నాలుగోసారి వెళ్లినప్పుడు తెలిసింది. గోడ కింది భాగంలో ఒక చోట కొట్టగానే ఎడమ అరచేతిలో సన్నగా జలదరింపు లాంటిది వచ్చింది. చీమలు పాకినట్టు. పక్కన కొడితే అది లేదు. ఇక్కడ, అన్నాను. ఆయన తన చెయ్యి పెట్టి చూసి తల ఊపాడు. అవ్వ వంటింటి కిటికీలోంచి మమ్మల్నిద్దరినీ చూస్తూ, ఆ గోడను పడగొట్టేదాకా వదిలేలా లేరని అన్నది.

అప్పటికే నా మనసులో నిర్ణయం అయిపోయింది. వేదిక తీసేయాలి, స్పీకర్లు తీసేయాలి. గదిలో తలకు మీదుగా రాళ్లు, చేతికి ఒక రాడ్, అంతే ఉండాలి. కమిటీలోని పెద్దలకు ఈ మాట చెప్పడం కష్టమైంది. తెర ఉంటే బయటి ఊళ్ల వాళ్లకు గొప్పగా ఉంటుందని వాళ్ల ఆశ. చివరికి తెరను మొదటి గదిలోకి మార్చి పాత ఫొటోలు చూపించడానికి వాడుకుందామంటే ఒప్పుకున్నారు. అంతకంటే కష్టమైంది అబ్బాకు చెప్పడం. రాత్రి అన్నం తింటున్నప్పుడు చెప్పాను. ఆయన ఇంకో రొట్టె అడిగి తిని లేచాడు. నలభై ఏళ్లుగా చప్పుడును దూరానికి పంపడమే పనిగా బతికిన మనిషి. ఆయన బిగించిన స్పీకర్లను వద్దంటున్నాను.

మర్నాడు దుకాణంలో ఒక పెళ్లివారి సెట్టును పరీక్షిస్తూ నన్ను దగ్గరికి పిలిచాడు. ఆ పెద్దాయన చెయ్యి ఎక్కడ పెడతాడో చూపించమన్నాడు. నేను మోగుతున్న పెట్టె మీద ఎడమ అరచెయ్యి ఆనించి చూపించాను. అబ్బా తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టాడు. ఆయన పెట్టెల మీద చెయ్యి వేసి చూడటం నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. అది పాత మెకానిక్కుల అలవాటనుకునేదాన్ని.

"నేను సుత గిట్లనే ఇంటున్న బేటా," అన్నాడు. "పదేండ్ల సంది. కుడి సెవు మొత్తం పోయింది. ఎడమ దాంట్ల సన్న సప్పుడు రాదు."

నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. మైక్‌సెట్ వాడికి చెవులు వినిపించవంటే పెళ్లికి ఎవరు పిలుస్తారని నవ్వాడు. ఆ నవ్వుకు నేను నవ్వలేకపోయాను. ఫోన్‌లో నేను చెప్పిన ఎన్నో మాటలకు ఆయన సంబంధం లేని జవాబులు చెప్పడం, నేను విసుక్కోవడం గుర్తొచ్చింది. ఆ నెలలోనే ఆయనను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చెవి మిషన్ ఇచ్చారు. దాన్ని ఆయన డబ్బాలోంచి తీసి జేబులో పెట్టుకుని తిరుగుతాడు. చెవికి మాత్రం ఎప్పుడో ఒకసారి పెడతాడు. కానీ ఆ రోజు నుంచి మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు నేను ఆయన ఎడమ పక్కకు వచ్చి నిలబడతాను.

తర్వాత రాళ్ల వేట మొదలైంది. కరీంనగర్‌లో రాయికి కొదవ లేదు కానీ ఇక్కడి గ్రానైట్ ఎక్కడ కొట్టినా గంటలా మోగుతుంది. మాకు పొరలు పొరలుగా ఉండే రాయి కావాలి. చివరికి గచ్చుకు పరిచే బండలు అమ్మే చోట మందంగా ఉన్నవి ఐదు ఏరుకుని తెచ్చాం. దుకాణం వెనక ఖాళీ జాగాలో ఇనుప చట్రం కట్టించి, తలకు కాస్త ఎత్తులో వాటిని బిగించాం. రెండింటికి లోపల పొర విడదీయించాను. కింద నుంచి చూస్తే ఐదూ ఒకేలా ఉన్నాయి. కాకాకు ఫోన్ చేసి వచ్చి చూడమన్నాను.

ఆయన బస్సులో వచ్చాడు. భుజం మీద తువ్వాల చుట్టిన పొడుగాటి వస్తువు. విప్పితే రాడ్. రిటైరయ్యాక ఇంటి మూలన పెట్టుకున్నాడట. అబ్బా ఆయనకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, దుకాణంలోని పాత హారన్లన్నీ చూపించాడు. కొండగట్టు జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో పిలిచేవాడినని చెప్పాడు. ఆ మైకు తాను విన్నానని, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదని కాకా అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

చాయ్ తాగి కాకా లేచి ఐదు బండలనూ వరసగా కొట్టి చూశాడు. నిమిషం కూడా పట్టలేదు.

"ఏ రెండు డొల్లయో దూరంకెల్లి ఎర్కైతుంది," అన్నాడు. "బాయిల కప్పు గింత సాఫ్‌గ చెప్పది బిడ్డా. గిది చెవిటోనికి సుత ఎర్కైతది."

"నేనే గా చెవిటోన్ని," అన్నాడు అబ్బా. "నాకైతే ఎర్కగాలే."

కాకా ఆయన వైపు తిరిగి ఒక క్షణం చూశాడు. తర్వాత అబ్బా ఎడమ చెయ్యి పట్టుకుని బండకు ఆనించి, పక్కన తాను కొట్టాడు. రెండో బండ. మూడోది. నాలుగోదాని దగ్గర అబ్బా కళ్లు పెద్దవయ్యాయి. నాకు నాలుగోసారికి గానీ తెలియనిది ఆయనకు ఒక్క పూటలో వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ నన్ను పక్కకు నెట్టేసి సాయంత్రం దాకా బండలు కొడుతూనే ఉన్నారు. మూడు బండలు తీసేసి వేరేవి తేవాలని తేల్చారు.

నేను ఇంకో ఏర్పాటు కూడా చేసి పెట్టాను. డొల్ల రాయిని సరిగా గుర్తుపట్టి వెనక్కి జరిగితే పచ్చ దీపం, జరగకపోతే ఎర్ర దీపం వెలగాలి. కాకా దాన్ని చూసి, బాయిలో అలాంటి దీపం ఎవరు చూపిస్తారని అడిగాడు. నేను తీసేశాను. జవాబు చెప్పే దీపం లేకపోతే వచ్చినవాళ్లకు తాము సరిగా చేశారో లేదో ఎలా తెలుస్తుందని నా దిగులు. నేను ఉంటా కదా, చెప్తా అన్నాడాయన.

అబ్బా మాత్రం ఒకటి కలిపాడు. ప్రతి బండ వెనకా అదురును పట్టే చిన్న బిళ్ల అతికించి, దాని తీగను యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి దాని కోసం గదిలో నిలబెట్టిన కర్ర మొద్దు లోపలికి తీసుకెళ్లాడు. మొద్దులో అట్ట తీసేసిన స్పీకర్ గుండె, అంటే దాని అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. మోత రాదు, అదురు మాత్రమే వస్తుంది. ఒకరు కొడుతుంటే మిగతావాళ్లు మొద్దును పట్టుకుని నిలబడితే చాలు, వాళ్ల చేతులకూ తెలుస్తుంది. ఆయనకు తట్టిన ఆలోచన నాకు తట్టనందుకు కొంచెం అసూయ పడ్డాను కూడా.

రెండోసారి కాలనీవాళ్లను పిలిచినప్పుడు గదిలో సన్నటి వెలుతురు తప్ప ఏమీ లేదు. ఐదు బండలు, ఐదు మొద్దులు, ఒక రాడ్. ముందటిలాగే ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఆగారు. నేను పిలవబోతుంటే కాకా నన్ను ఆపి, రాడ్ తీసుకెళ్లి తన భార్య చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది.

చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆయన చూపించాడు. ఆమె మొదటి బండ కొట్టింది. రెండోది. మూడోదాన్ని కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది. వెనక మొద్దులు పట్టుకున్నవాళ్లు రెండో చెయ్యి కూడా ఆనించారు.

"గీ సప్పుడు ఇంటే ఏం జేస్తుంటివి?" అని అడిగింది.

"ఎన్కకు జరుగుతుంటి."

"అందరు జరుగుతుండిరా?"

"జరుగకుంటె గుంజుకొస్తుంటి."

ఆమె రాడ్ కిందికి దించింది. ఇంకేదో అడుగుతుందనుకున్నాను. కానీ ఆమె మా అందరి వైపు తిరిగింది.

"మా కొడుక్కు పిల్లను సూడవోయినం," అన్నది. "చాయ్ తాగుమంటె గీన లేసి వాళ్లింటి గోడలన్ని కొట్టి సూసిండు. నా ఇజ్జత్ తీసిండు. గిందుకేనా కొట్టింది?"

వాటిలో ఒక గోడ డొల్లగానే ఉండిందని కాకా మెల్లగా చెప్పాడు. గదిలో అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రాడ్ కోసం వరస కట్టారు. ఒక ముసలామె తన భర్త కూడా ఇదే పని చేసేవాడని, బతికుండగా ఎప్పుడూ చెప్పలేదని అంటూ రాడ్‌ను వదలడానికి ఇష్టపడక చాలాసేపు పట్టుకుని ఉంది. మేం ఎవరం తొందర పెట్టలేదు.

మ్యూజియం తెరిచారు. ఆదివారాలు కాకా గదిలో నిలబడి వచ్చినవాళ్లకు నేర్పేవాడు. బళ్ల నుంచి పిల్లలు వచ్చినప్పుడు బండలు తట్టుకోలేక రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. తీగలు సరిచేయడానికని అబ్బా నెలకోసారి అక్కడికి వెళ్తాడు. తీగలు సరిచేయడానికి గంట చాలు, ఆయన మాత్రం సాయంత్రం బస్సుకు గానీ తిరిగి రాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. ఇద్దరూ గట్టిగా మాట్లాడతారని మాత్రం కమిటీవాళ్లు చెప్తారు.

కిందటేడు కాకాకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. గదిలో ఇంకెవరిని పెట్టాలా అని కమిటీ ఆలోచిస్తుంటే అవ్వ తానే ఉంటానన్నది. ఒక్కరోజు కూడా బాయి దిగని మనిషి ఏం చెప్తుందని ఎవరో అన్నారట. కాకా ఆమెను బండల కింద నిలబెట్టి, కళ్లకు తువ్వాల కట్టి, వాళ్ల ముందే పరీక్ష పెట్టాడు. ఆమె రెండు డొల్ల బండలనూ పట్టేసింది.

పోయిన నెల నేను చెప్పకుండా వెళ్లాను. మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ముందుంది. వాళ్ల వెనక నిలబడ్డాను. అవ్వ నేర్పే తీరు వేరు. కాకా ఒకసారి చూపించి ఊరుకునేవాడు, ఆమె ప్రతి ఒక్కరితో మూడుసార్లు కొట్టిస్తుంది. తప్పు చెప్తే మళ్లీ వరస చివరికి పంపిస్తుంది. నా వంతు వచ్చింది. నన్ను గుర్తుపట్టిందని ఆమె కళ్లలో తెలుస్తూనే ఉంది. అయినా రాడ్ నా చేతికిచ్చి, అందరికీ చెప్పినట్టే, చెయ్యి సరిగా ఆనించమని చెప్పింది. నేను ఐదూ కొట్టి, రెండోది, నాలుగోది అన్నాను. తప్పు. ఈ మధ్యే బండలు మార్చినట్టున్నారు.

"ఎన్కకు వో బిడ్డా," అన్నది అవ్వ. నేను వెళ్లి వరస చివర నిలబడ్డాను.